ఆరో తాళం

ఉదయం షిఫ్టు సైరన్ మోగడానికి పది నిమిషాల ముందు ఆ సబ్బుల ఫ్యాక్టరీ మిక్సర్ గదిలో ఐదుగురు మగవాళ్లు గుండ్రంగా నిలబడతారు. తలలు వంచి కళ్లు మూసుకుంటారు. వాళ్లలో పెద్దవాడు, జుట్టు నెరిసిన ఫోర్‌మన్, మెల్లగా ప్రార్థన మొదలుపెడతాడు. పక్క విభాగాల వాళ్లు తలుపు దగ్గర ఆగి చూసి, "జట్టంటే అదిరా" అనుకుంటూ వెళతారు. బయటి నుంచి ఎవరైనా చూడటానికి వస్తే మేనేజరు వాళ్లను మొదట ఆ గది ముందుకే తీసుకొస్తాడు. ఇది చదువుతున్న మీరు ఆ పూట అక్కడ ఉన్నా ముచ్చటపడేవారే, అందులో మీ తప్పేమీ లేదు.

అయితే కాస్త దగ్గరికి రండి. ఆ ఐదుగురిలో ఫిట్టరు, ఎలక్ట్రీషియను ఎప్పుడూ ఎదురెదురుగానే నిలబడతారు. పక్కపక్కన నిలబడితే ప్రార్థన చివర చేతులు కలపాల్సి వస్తుంది. స్వయానా బావా బావమరుదులు. ఫిట్టరు అక్కనే ఎలక్ట్రీషియన్ చేసుకున్నాడు. అయినా నాలుగు నెలలుగా ఇద్దరి మధ్యా మాటల్లేవు.

ఇంకొకటి కూడా చూడండి. వాళ్ల గుండ్రం చుట్టూ ఒక ఆడమనిషి తడిగుడ్డతో నేల తుడుస్తూ తిరుగుతోంది. ఎవరి మడమకూ గుడ్డ తగలకుండా, బకెట్టు చప్పుడు కాకుండా తుడుస్తోంది. ఆమెను అందరూ అక్క అంటారు. మిక్సర్ లోపలి గోడలకు పట్టిన సబ్బును రేకుతో గీకి శుభ్రం చేయడం ఆమె అసలు పని. కాంట్రాక్టు మనిషి. ఆరేళ్లుగా అక్కడే చేస్తోంది. ప్రార్థనకు రావద్దని ఆమెతో ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

ఆ గదికి ఒక నియమం ఉంది. మిక్సర్ అంటే ఇంట్లో ఉండేది కాదు. ఇద్దరు మనుషులు లోపల నిలబడి పనిచేసుకోగలిగినంత ఇనుప తొట్టి, అందులో మనిషి నడుమంత వెడల్పున తిరిగే రెక్కలు. ఎవరైనా లోపలికి దిగేముందు, స్తంభం వెనకున్న మెయిన్ స్విచ్ హ్యాండిల్ కిందికి దించి, దానికి ఒక ఇనుప పట్టీ తగిలిస్తారు. ఆ పట్టీకి ఆరు కన్నాలు. పనిలో ఉన్న ప్రతి మనిషీ తన సొంత తాళం ఒక కన్నానికి వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకుంటాడు. ఆఖరి తాళం ఊడితే తప్ప హ్యాండిల్ పైకి లేవదు. "ఎవరి ప్రాణం లోపలుంటే వాళ్ల తాళం బయటుండాలి" అని ఫోర్‌మన్ కొత్తగా వచ్చినవాళ్లకు మొదటిరోజే చెబుతాడు.

ఐదుగురికీ ఐదు తాళాలున్నాయి. ఆరో కన్నం ఖాళీ. అక్క చేరిన కొత్తలో ఒకసారి స్టోర్‌రూమ్‌కు వెళ్లి తాళం అడిగింది. "గీకే పనికి తాళమెందుకక్కా, పర్మినెంటోళ్లకే ఇస్తాం" అని స్టోర్‌కీపర్ నవ్వి పంపించాడు. మళ్లీ అడగలేదు. ఫిట్టరు తాళం ఉన్నంతసేపూ లోపలుంటుంది, అతను బయటికి వచ్చేలోపు తానూ వచ్చేస్తుంది. ఆరేళ్లు అలాగే గడిచిపోయాయి.

ఇక ఫోర్‌మన్ సంగతి. అందరూ ఆయన్ను పెద్దన్న అంటారు. చర్చి సంఘంలో పెద్ద. చెడ్డ మాట నోట రాదు, ఎవరి మీదా చెయ్యి లేవదు. ఆయన చొక్కా జేబులో చిన్న నీలం అట్ట పుస్తకం ఒకటి ఉంటుంది. ఎవరికే కష్టమున్నా ప్రార్థన అంశంగా అందులో రాసుకుంటాడు. మొదట్లో అందులో జ్వరాలు, ప్రసవాలు, పిల్లల పరీక్షలు ఉండేవి. రానురాను ఇంకోరకం అంశాలు చేరాయి. "ఫలానావాడి కోపం కోసం ప్రార్థించండి పెద్దన్నా." "ఫలానావాడు పని ఎగ్గొడుతున్నాడు, ప్రభువు వాణ్ని మార్చాలి." మన జనానికి చాడీ చెప్పడం తప్పని తెలుసు. ప్రార్థన అడగడం మంచిదనీ తెలుసు. రెండూ కలిపితే పాపం అంటదని ఆ గదిలో వాళ్లు కనిపెట్టారు. పెద్దన్న అన్నీ శ్రద్ధగా రాసుకునేవాడు.

బావా బావమరుదుల మధ్య చిచ్చు రేగింది కూడా ఆ పుస్తకం వల్లే. నాలుగు నెలల కిందట మిక్సర్ బేరింగు ఒకటి గీగీమని అరవడం ఎలక్ట్రీషియన్ విన్నాడు. గ్రీజు వేయడం ఫిట్టరు మరిచిపోయాడని అర్థమైంది. "ఏరా, గ్రీజు వేశావా?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అతను పెద్దన్న దగ్గరికి వెళ్లి, "మా బామ్మర్ది కోసం ప్రార్థన చేయండి, పని మీద ధ్యాస ఉండటం లేదు" అన్నాడు. మర్నాడు గుండ్రంలో పెద్దన్న కళ్లు మూసుకుని, "ప్రభువా, మాలో నిర్లక్ష్యంగా ఉన్నవారిని సరిచేయి" అన్నాడు. ఆ మధ్యాహ్నమే బేరింగు పట్టేసి మిక్సర్ ఆగిపోయింది. ఎవరి గురించి ప్రార్థించారో అందరికీ తెలిసిపోయింది. ఫిట్టరు ఆ రోజు నుంచి ప్రార్థనలో కళ్లు మూయడం మానేసి, ఎదురుగా ఉన్న బావను చూస్తూ నిలబడతాడు.

ఇంట్లో కూడా అంతే. "మీ ఇద్దరి మధ్యా నేను పోస్ట్‌మన్‌నైపోయాను, జీతం మాత్రం ఎవరూ ఇవ్వరు" అని ఫిట్టరు అక్క వాపోయేది.

మాటల్లేకపోతే పని ఎలా సాగుతుందంటారా? దానికీ దారి కనిపెట్టారు. పూర్వం ఫిట్టరు మిక్సర్ నుంచి బయటికి రాగానే స్తంభం వెనక నుంచి ఎలక్ట్రీషియన్ కేకేసేవాడు: "లోపల ఎవరైనా ఉన్నారా?" ఫిట్టరు తొంగిచూసి, "ఎవరూ లేరు బావా" అనేవాడు. ఇప్పుడు ఫిట్టరు తన పానాతో మిక్సర్ అంచు మీద రెండుసార్లు కొడతాడు. నేను బయటికి వచ్చేశాను, కరెంటు ఇవ్వమని దానర్థం. ఇనుము మీద ఇనుము చప్పుడు గదంతా వినిపిస్తుంది. ఇద్దరి పంతమూ నిలబడుతుంది. అక్క లోపలుందా లేదా అన్న సంగతి మాత్రం ఆ చప్పుడులో లేదు.

ఎలక్ట్రీషియన్ చెడ్డవాడు కాదు. అక్క తాళం లేకుండా దిగుతోందని ఒకరోజు గమనించి భయపడ్డాడు. బామ్మర్దికి చెబుదామంటే మాటల్లేవు. అక్కకు చెబితే, నీకెందుకయ్యా అంటుందేమోనని ఊరుకున్నాడు. అలవాటు ప్రకారం పెద్దన్న దగ్గరికి వెళ్లాడు. పెద్దన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. కాంట్రాక్టు మనిషికి తాళం ఇప్పించాలంటే మేనేజరుకు ఉత్తరం పెట్టాలి. మేనేజరు ముఖం చిట్లిస్తాడు. నెమ్మదిగా చూద్దాంలే అనుకున్నాడు. అక్క కోసం మాత్రం ప్రతి ఉదయం ఇంట్లో మోకరించి తప్పకుండా ప్రార్థించాడు.

అలా రాసుకున్న ఇరవయ్యో రోజు ఉదయం పదిన్నరకు ఫిట్టరు, అక్క కలిసి మిక్సర్‌లోకి దిగారు. ఫిట్టరు రెక్క బోల్టు బిగించాడు. అక్క గోడలు గీకింది. చెప్పులకున్న మట్టి సబ్బులో కలుస్తుందని ఆమె వాటిని ఎప్పుడూ నిచ్చెన కింద విడిచి వెళుతుంది. పని అయ్యాక ఇద్దరూ బయటికి వచ్చారు. ఫిట్టరు పానాతో రెండు దెబ్బలు కొట్టి, స్తంభం వెనక్కి వెళ్లి, బావ ముఖం చూడకుండా తన తాళం ఊడదీసుకున్నాడు; బావ తాళం అప్పటికే ఊడింది.

ఇవతల అక్క చెప్పుల్లో కాలు పెట్టబోతూ భుజం తడుముకుంది. భుజం మీద ఉండాల్సిన తుడుపుగుడ్డ లేదు. లోపలే మరిచిపోయింది. గుడ్డ సబ్బులో పడి పీలికలైతే ఆ తొట్టెడు సబ్బూ పాడవుతుంది, మాట పడేది తనే. ఒక్క నిమిషం పనేగదా అని నిచ్చెనెక్కి మళ్లీ లోపలికి దిగింది. ఆ నిమిషానికి కాపలాగా వేయడానికి ఆమె దగ్గర తాళం లేదు.

ఫిట్టరు తిరిగొస్తూ నిచ్చెన కింద ఆ చెప్పుల్ని చూశాడు. అరిగిపోయిన రబ్బరు చెప్పులు, ఒకదాని మీద ఒకటి. లోపల రేకు కదిలిన చప్పుడు. వెనక స్తంభం అవతల హ్యాండిల్ పైకి లేచిన టకటక.

అరవాలి. నోరు తెరిచాడు. నాలుగు నెలలుగా అనని ఆ మాట, బావా అన్న రెండక్షరాలు, గొంతులో ఎముకలా అడ్డం పడింది. నోటికంటే ముందు చెయ్యి కదిలింది. పానాతో మిక్సర్ అంచును బాదాడు. రెండు, మూడు, నాలుగు దెబ్బలు.

స్తంభం వెనక ఎలక్ట్రీషియన్ ఆ చప్పుడు విని విసుక్కున్నాడు. ఇందాకే విన్నానుగా, ఇంత తొందరేమిటి వీడికి అనుకుని పచ్చ బటన్ నొక్కాడు.

"బావా, ఆపు. అక్క లోపలుంది."

ఎర్ర బటన్ మీద అతని అరచెయ్యి పడేసరికి రెక్క పావు చుట్టు తిరిగింది. మీరు ఊపిరి బిగబట్టి ఉంటే విడవండి, అక్క బతికింది. రెక్క ఆమె ఎడమ పాదాన్ని గోడకు అదిమి ఆగింది. ఇంకో పావు చుట్టు తిరిగితే ఈ కథలో ఆమె మాట్లాడే మాటలు ఉండేవి కావు. ఇద్దరూ కలిసి రెక్కను చేత్తో వెనక్కి తోసి ఆమెను బయటికి ఎత్తారు. ఎత్తుతున్నంతసేపూ, "నెమ్మది బావా", "తల పట్టుకో రా" అని నాలుగు నెలల మాటలన్నీ ఒక్కసారిగా మాట్లాడుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

పాదంలో రెండు ఎముకలు విరిగాయని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. మధ్యాహ్నానికి మేనేజరు పెద్దన్నను గదిలోకి పిలిచాడు. బల్ల మీద ఒక కాగితం ఉంది. ప్రమాదానికి కారణం అన్న చోట అప్పటికే టైపు చేసి ఉంది: కాంట్రాక్టు మనిషి అనుమతి లేకుండా యంత్రంలోకి దిగడం వల్ల.

"సంతకం పెట్టండి పెద్దన్నా," అన్నాడు మేనేజరు. "మీ జట్టులో ఎవరికీ ఏమీ కాదు. ఆవిడ కాంట్రాక్టు ఆపేస్తాం, అంతే."

"వైద్యం?"

"తప్పు ఆవిడదైతే కంపెనీ ఎందుకు చేయిస్తుంది?"

పెద్దన్న కలం అందుకున్నాడు. నిజం చెప్పాలి కదా, ఆయన మనసు ఒక్క క్షణం సంతకం వైపే మొగ్గింది. రిటైరు కావడానికి ఇంకా మూడేళ్లుంది. సంతకం పెడితే ఫిట్టరు బతుకుతాడు, ఎలక్ట్రీషియన్ బతుకుతాడు, తన పేరూ నిలుస్తుంది. అక్క ఒక్కతే పోతుంది. కాగితం మీదికి వంగినప్పుడు జేబులోని నీలం పుస్తకం ఎదకు ఒత్తుకుంది. అందులో ఏముందో ఆయనకు, ఎలక్ట్రీషియన్‌కు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

"ఒక గంట ఇవ్వండి," అని లేచాడు.

మిక్సర్ గదిలో బావా బావమరుదులు చెరో బల్ల మీద కూర్చుని ఉన్నారు. నేల మీద అక్క చెప్పులు అలాగే ఉన్నాయి.

"నువ్వు అడగలేదు," అంటున్నాడు ఫిట్టరు. "లోపల ఎవరైనా ఉన్నారా అని ఒక్క మాట అడిగితే నేను చూసేవాణ్ని కాదా?"

"నీ పానాని అడగాలా? నోరుండి చప్పుళ్లతో మాట్లాడింది నువ్వు."

"నా మీద చాడీ చెప్పింది నువ్వు."

"చాడీ కాదురా, ప్రార్థన చేయమన్నాను."

ఆ మాట విని పెద్దన్న వాళ్ల మధ్యకు వచ్చాడు. ఆయన జేబులోంచి పుస్తకం తీసి, ఇరవై రోజుల కిందటి పేజీ తెరిచి, ఫిట్టరు చేతికిచ్చాడు.

"పైకి చదువు," అన్నాడు.

ఫిట్టరు చదివాడు. "మిక్సర్‌లోకి అక్క తాళం లేకుండా దిగుతోంది. ఆమె క్షేమం కోసం ప్రార్థించాలి." చదివి బావ వైపు చూశాడు. ఎలక్ట్రీషియన్ తల దించుకున్నాడు.

"వాడు చెప్పాడు, నేను రాసుకున్నాను," అన్నాడు పెద్దన్న. "ఇరవై రోజులు మోకాళ్ల మీద ఉన్నాను. స్టోర్‌రూమ్ ఇక్కడికి ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులు నడవలేదు. ప్రభువు మనకు ఏం నేర్పాడు? నీ మీద నీ సహోదరుడికి ఏదైనా ఉంటే అర్పణ అక్కడే వదిలేసి, ముందు వెళ్లి వాడితో సమాధానపడమన్నాడు. తప్పు కనిపిస్తే వాడి దగ్గరికే ఒంటరిగా వెళ్లి చెప్పమన్నాడు. మనమేం చేశాం? మనిషితో అనాల్సిన మాటలన్నీ మూటగట్టి దేవుడి ముందు పడేశాం. ఆయన చేయాల్సింది ఆయన చేస్తాడు. మనం చేయాల్సింది కూడా ఆయన మీదికే తోస్తే అది ప్రార్థన కాదు, తప్పించుకోవడం."

ఫిట్టరు పుస్తకం మూసి ఆయన చేతికిచ్చాడు. తర్వాత వెళ్లి బావ పక్కన కూర్చున్నాడు.

"బేరింగుకు గ్రీజు వేయడం నిజంగానే మరిచిపోయాను బావా. ఆ రోజే ఒప్పుకుని ఉండాల్సింది."

"ఆ రోజే నీతో చెప్పి ఉండాల్సింది," అన్నాడు ఎలక్ట్రీషియన్. పచ్చ బటన్ నొక్కిన అతని చేతిని ఫిట్టరు పట్టుకున్నాడు.

గంట గడవకముందే ముగ్గురూ మేనేజరు గదిలోకి వెళ్లారు. పెద్దన్న టైపు చేసిన వాక్యం మీద అడ్డంగా గీత గీసి, కింద తన చేత్తో రాశాడు: ఆమె తాళం లేకుండా దిగుతోందని ఫోర్‌మన్‌కు ఇరవై రోజుల ముందే తెలుసు. తాళం ఇప్పించలేదు. దాని కింద ఎలక్ట్రీషియన్, లోపల ఎవరున్నారో అడగకుండా బటన్ నొక్కానని రాశాడు. చూడకుండా తాళం తీశానని ఫిట్టరు రాశాడు. ముగ్గురూ సంతకాలు పెట్టారు.

"ఇది పైకి వెళితే మీ ఫోర్‌మన్ పదవి పోతుంది పెద్దన్నా," అన్నాడు మేనేజరు. అతని గొంతులో బెదిరింపు కంటే ఆశ్చర్యమే ఎక్కువ వినిపించింది.

"పోనివ్వండి సార్. రెండో వాక్యం చదవండి. అది ఉంటే ఆమె వైద్యం కంపెనీదే."

సాయంత్రం ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. అక్క మంచం మీద పడుకుని ఉంది. కట్టు కట్టిన పాదం దిండు మీద, రెండో పాదానికి ఇంకా ఎండిన సబ్బు. పక్కనే నర్సు పెట్టి వెళ్లిన నీళ్ల పళ్లెం. పెద్దన్న పుస్తకంలో రాసుకున్న సంగతి ఆమెకు చెప్పి, తువ్వాలు నడుముకు చుట్టుకుని, పళ్లెం ముందుకు జరిపి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన మనసులో శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువు మెదిలాడు. అది నటన కాదు, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

అక్క కాలు వెనక్కి తీసుకుంది.

"వద్దు పెద్దన్నా. నా కాలు నర్సమ్మ కడుగుతుంది. అది ఆమె పని. మీరు చేయాల్సింది వేరే ఉంది."

"చెప్పక్కా."

"ఆరేళ్లు మీరు ప్రార్థన చేస్తుంటే మీ వెనక నేల తుడిచాను. మీలో ఒక్కరు ఒక్క అడుగు పక్కకు జరిగినా నాకు చోటు దొరికేది. ఎవరూ జరగలేదు. నా కోసం ప్రార్థించారట, ఇప్పుడు తెలిసింది. సంతోషం. ప్రార్థించే ముందు నా ముఖం ఒకసారి చూసి, 'అక్కా, నీ తాళమేది?' అని అడిగి ఉంటే, ఈ పూట నేను మా ఇంట్లో ఉండేదాన్ని." ఆమె ఆగి, గుక్క తిప్పుకుంది. "నాకు నీళ్లొద్దు. తాళం ఇప్పించండి."

పెద్దన్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకుని, తల ఊపాడు. ఆయన జీవితంలో విన్న ప్రసంగాలన్నిటిలో అదే చిన్నది.

మూడు నెలల తర్వాత అక్క కాస్త కుంటుకుంటూ పనిలోకి వచ్చింది. ఈ మూడు నెలల్లో పెద్దన్న ఫోర్‌మన్ పదవి నిజంగానే పోయింది. ఆయన ఇప్పుడు మామూలు పనివాడు. పదవి దిగేముందు మేనేజరుకు ఒకటికి నాలుగు ఉత్తరాలు పెట్టి, మిక్సర్‌లోకి దిగే ప్రతి మనిషికీ, కాంట్రాక్టువాళ్లతో సహా, తాళం ఇవ్వాలన్న ఆర్డరు మాత్రం సాధించుకున్నాడు. నీలం పుస్తకంలో కొత్త నియమం రాసుకున్నాడు: ఎవరైనా ఇంకొకరి గురించి అంశం తెస్తే, "వాడితో చెప్పావా?" అని అడగాలి. 'లేదు' అంటే రాయకూడదు. అప్పటి నుంచి ఆ పుస్తకంలో మళ్లీ జ్వరాలు, పరీక్షలే ఉంటున్నాయి.

అక్క తిరిగొచ్చిన ఆ ఉదయం గుండ్రం కట్టినప్పుడు ఫిట్టరు, ఎలక్ట్రీషియను పక్కపక్కన నిలబడి, చెరో అడుగు జరిగి మధ్యలో చోటు వదిలారు. అక్క బకెట్టు గోడవారగా పెట్టి వచ్చి అందులో నిలబడింది. ప్రార్థన చేయమని అందరూ పెద్దన్న వైపు చూశారు. ఆయన కళ్లు మూసుకోలేదు. ఒక్కొక్కరి ముఖం చూస్తూ అన్నాడు.

"జట్టంటే కలిసి తలలు వంచడం అనుకున్నాను. కాదు. ఒకరి ముఖం ఒకరు చూసి నిజం చెప్పుకోవడం. తోటివాడి తప్పు దేవుడికి చెప్పే ముందు తోటివాడికి చెప్పాలి, ప్రేమతో చెప్పాలి. మనలో ఒక్కరికి తాళం లేకపోయినా మనం ప్రభువు జట్టు కాదు. ఇప్పుడు ప్రార్థన చేద్దాం."

పదిన్నరకు మిక్సర్ శుభ్రమైంది. పట్టీకున్న ఆరో కన్నంలో కొత్త తాళం మెరుస్తోంది. ఫిట్టరు తన తాళం తీశాడు. ఎలక్ట్రీషియన్ తనదీ తీసి, హ్యాండిల్ మీద చెయ్యి వేయకుండా పక్కకు జరిగి నిలబడ్డాడు. అక్క మెల్లగా నిచ్చెన దిగి, చెప్పులేసుకుని, కుంటుకుంటూ స్తంభం వెనక్కి వచ్చింది. మెడలోని తాళంచెవి తీసి, తాళంలో పెట్టి, తిప్పే ముందు ఆగింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?" అని కేకేసింది.

"ఎవరూ లేరక్కా," అన్నాడు ఫిట్టరు మిక్సర్‌లోకి తొంగిచూసి. "అందరం ఇక్కడే ఉన్నాం."